పుట్టబోయేవారి నీటి వాటా

ఒక పట్టణానికి ముప్పై ఏళ్ల తరువాత ఎంత నీరు కావాలో లెక్కగట్టడం పైకి ఇంజనీర్ల పనిలా కనిపిస్తుంది. జనాభా ఎంత ఉంటుంది, తలసరి ఎన్ని లీటర్లు ఇవ్వాలి, దారిలో ఎంత పోతుంది అన్న మూడు అంకెలు దొరికితే మిగిలింది గుణకారమే. కానీ ఈ మూడింటిలో ఏదీ కేవలం కొలిచి తెచ్చిన అంకె కాదు. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, మనిషికి ఎంత చాలు, ఎన్నేళ్ల ముందుకు చూడాలి, ఎంత వృథాను ఒప్పుకోవాలి అని కొందరు నిర్ణయించి రాసినవే అవన్నీ. కాబట్టి నీటి అంచనా గణితంతో మొదలైనా ధర్మ విచారణ దగ్గరే తేలుతుంది. ఇంకా పుట్టనివారికి ఇప్పుడున్నవారు బాకీ ఉన్నారా? ఉంటే ఎంత? ఒక పరీవాహకం దాహం తీర్చడానికి మరో పరీవాహకం ఎంతవరకు ఇవ్వాలి? ఈ ప్రశ్నలన్నీ ఒకేచోట ఎదురయ్యే ఊళ్లలో సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ఒకటి.

నీళ్లు తిరిగే దారి

హైదరాబాద్–ముంబయి జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, ఎర్రనేలల పీఠభూమి మీద జహీరాబాద్ ఉంది. ఈ ప్రాంతం గోదావరి పరీవాహకంలో, అందులోనూ మంజీర కిందికి వస్తుంది. కోహీర్ వైపు పుట్టిన నారింజ వాగు జహీరాబాద్ పక్క నుంచి బీదర్ జిల్లాలోకి పోతుంది. అక్కడ దాన్ని కారంజా అంటారు. కారంజా వెళ్లి మంజీరలో కలుస్తుంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర లాతూరు, బీదర్ ప్రాంతాలు దాటి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి సింగూరు జలాశయాన్ని నింపుతుంది. సింగూరు నీళ్లే శుద్ధి అయ్యాక రాష్ట్ర తాగునీటి పథకమైన మిషన్ భగీరథ పైపుల్లో జహీరాబాద్ వైపు వస్తాయి. ఊరి మీద కురిసిన వాన పక్క రాష్ట్రం చుట్టి, వేరే నదిలో కలిసి, మోటార్లు ఎత్తిపోస్తే గానీ ఊరి నల్లాలోకి రాదన్నమాట. ఇక్కడి వాననీటికి ఇక్కడివారే యజమానులని చెప్పుకునే వీలు భూగోళమే ఇవ్వలేదు.

నీటిని లీటర్లలో కొలవని సంప్రదాయం కూడా ఈ నేల మీదే ఉంది. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయంలోని అమృతగుండంలో మునిగిన రాజుకు చర్మవ్యాధి పోయిందని స్థలపురాణం చెబుతుంది. న్యాల్‌కల్ మండలం రాఘవపూర్ దగ్గర మంజీర ఒడ్డున కుంభమేళా జరుగుతుంది. పుణ్యతీర్థంగా చూసినప్పుడు నీరు వచ్చినవారందరిదీ. పంపకానికి వచ్చినప్పుడు అదే నీరు టీఎంసీలుగా విడిపోతుంది. నీటి ప్రణాళిక ఈ రెండు చూపులకూ జవాబు చెప్పుకోవలసిందే.

అంచనా ఎలా కడతారు

పట్టణాల నీటి సరఫరాకు దేశమంతటా చాలాకాలం ఆధారంగా నిలిచింది 1999లో వచ్చిన కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ మాన్యువల్. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో తలసరి రోజుకు 135 లీటర్లు, మహానగరాల్లో 150, నల్లాలున్నా డ్రైనేజీ లేని ఊళ్లలో 70 లీటర్లు చాలని అది చెప్పింది. నష్టాలు 15 శాతం మించకూడదంది. ఏ నిర్మాణానికి ఎన్నేళ్లు ముందు చూడాలో కూడా అదే చెప్పింది: జలాశయానికి 50 ఏళ్లు, నీరు మోసే ప్రధాన పైపులకు 30, శుద్ధి కేంద్రాలకు, మోటార్లకు 15. ఒకే పథకంలో ఆనకట్ట మనవళ్లను చూస్తుంది, మోటారు పిల్లలు ఎదిగేవరకే చూస్తుంది.

2011 జనాభా లెక్కల్లో జహీరాబాద్ పట్టణంలో సుమారు 71 వేల మంది ఉన్నారు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి 2027కు వెళ్లింది. ఈలోగా వేసిన ప్రతి అంచనాకూ పాత అంకెలే ఆధారం. పాత అంకె నుంచి ముందుకు పోవడానికీ దారులు చాలా ఉన్నాయి. ఉదాహరణకు లక్ష మంది ఉన్న ఒక పట్టణం రాబోయే పదేళ్లలో 20 శాతం పెరుగుతుందనుకుంటే, ప్రతి పదేళ్లకూ అదే 20 వేలు కలుపుతూ పోయే పద్ధతిలో యాభై ఏళ్లకు జనాభా 2 లక్షలవుతుంది. ప్రతి పదేళ్లకూ 20 శాతం పెంచుతూ పోతే సుమారు 2 లక్షల 49 వేలు అవుతుంది. తలసరి 135 లీటర్ల చొప్పున ఈ రెండు జవాబుల మధ్య తేడా రోజుకు 66 లక్షల లీటర్లు. ఏ పద్ధతి పట్టుకోవాలన్నది ఊరి భవిష్యత్తు గురించి ఒక నమ్మకం. ఫ్యాక్టరీలు వస్తాయని నమ్మేవారు ఒక పద్ధతి వైపు, పిల్లలు హైదరాబాద్‌కు వలసపోతారని నమ్మేవారు మరో పద్ధతి వైపు మొగ్గుతారు. జహీరాబాద్ విషయంలో ఫ్యాక్టరీల వైపు కారణం గట్టిగానే ఉంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేలకు పైగా ఎకరాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలం తలపెట్టారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ కూడా ఉంది.

పట్టణ అవసరం ఎంత చిన్నదో కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది. ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. లక్ష మందికి 135 లీటర్ల చొప్పున ఏడాది పొడవునా ఇస్తే 493 కోట్ల లీటర్లు, అంటే టీఎంసీలో ఆరో వంతు కంటే కొంచెం ఎక్కువ. దీని పక్కన చెరకును పెట్టి చూడాలి. జహీరాబాద్ ప్రాంతంలో చెరకు పాత పంట. వానతో కలిపి 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల నీరు దానికి కావాలి. 2,000 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 81 లక్షల లీటర్లు. తలసరి 135 లీటర్ల లెక్కన 160 మందికి పైగా మనుషులు ఏడాదంతా వాడుకునే నీరది. తాగునీటి కొరత చాలాచోట్ల నీళ్లు లేక కాదు, వరసలో ఎవరు ముందన్నది తేలక వస్తుంది. 1987 నాటి జాతీయ జలవిధానం తాగునీటికే మొదటి స్థానం ఇచ్చింది. మిషన్ భగీరథ కోసం తెలంగాణ ప్రభుత్వం సాగునీటి ప్రాజెక్టుల్లో పది శాతం నీటిని తాగడానికి పక్కన పెట్టాలని నిర్ణయించింది.

అవసరం ఎక్కడ ఆగుతుంది

తలసరి అంకె అన్నిటికంటే లోతైన ప్రశ్న. మనిషికి ఎంత చాలు? తాగడానికి, వంటకు, స్నానానికి, శుభ్రతకు కలిపి రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలని ఐక్యరాజ్యసమితి చెబుతుంది. మిషన్ భగీరథ గ్రామాల్లో 100, మున్సిపాలిటీల్లో 135, నగరపాలక సంస్థల్లో 150 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. 2018లో పస్తాపూర్ వంటి చుట్టుపక్కల గ్రామాలు జహీరాబాద్ మున్సిపాలిటీలో కలిశాయి. కాగితం మీద ఆ ఊరివారి అవసరం ఒక్క ఉత్తర్వుతో 35 లీటర్లు పెరిగింది. ముందురోజు రాత్రి వాళ్లకు ఎంత దాహం వేసిందో మర్నాడూ అంతే వేసింది. డ్రైనేజీ, మరుగుదొడ్లు పట్టణ జీవనంలో భాగం కాబట్టి ఎక్కువ నీరు కావాలన్న వాదనలో బలముంది. కానీ గ్రామంలో ఉన్నన్నాళ్లూ ఆ సౌకర్యానికి వారు ఎందుకు అర్హులు కారు అన్న ప్రశ్నకు మాన్యువల్‌లో జవాబు ఉండదు. వాడకాన్ని అవసరమని రాసుకుంటే, నిన్న తక్కువ దొరికినవారికి రేపు కూడా తక్కువే రాసినట్టవుతుంది. నిన్న ఎక్కువ వాడినవారి అలవాటు రేపటికి హక్కవుతుంది.

భారతీయ ధర్మ చింతనలో అవసరానికీ ఆశకూ మధ్య గీత గీయడం పాత పని. జైనుల అపరిగ్రహం, బౌద్ధుల తృష్ణా విచారణ, జహీరాబాద్‌కు ఇరుగుపొరుగైన బసవకల్యాణంలో పన్నెండో శతాబ్దపు శివశరణులు చెప్పిన దాసోహం, అంటే తన కష్టార్జితాన్ని పంచుకోవడం, అన్నీ ఒక విషయంలో కలుస్తాయి. తనకు చాలినంత తెలుసుకున్నవాడే మిగిలింది పంచగలడు. ఎంత చాలో చెప్పకుండా ఎంత కావాలో మాత్రమే రాసే ప్రణాళికలో పంపకానికి చోటుండదు.

అవసరం మార్చలేనిది కాదని చెప్పడానికి దూరం పోనక్కరలేదు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత మహిళలు. జొన్న, కొర్ర, సామ, కంది వంటి పంటలను కలిపి, వాన మీదే ఆధారపడి, ఎర్రనేలల్లో పండించడం వారి పద్ధతి. విత్తనాలు కొనరు. సంఘం దగ్గర తీసుకున్న విత్తనానికి పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి ఇస్తారు. ఏటా సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద విత్తనాలను ఊరూరా తిప్పుతారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. ఒకే మండలంలో ఒక పొలం బోరు నీటితో చెరకు పెంచుతుంటే, పక్క పొలం వాననీటితో ఇంటికి తిండి పెడుతోంది. ఆ ప్రాంతపు నీటి అవసరం ఇంత అని ఏదో ఒక్క పొలాన్ని చూసి రాయడం కుదరదు.

లేనివారికి హక్కుంటుందా

ముప్పై, యాభై ఏళ్ల అంచనాలో లెక్కకు వచ్చేవారిలో చాలామంది ఇంకా పుట్టలేదు. హక్కు అనేది ఉన్న మనిషికే గానీ లేని మనిషికి ఎలా వస్తుందని తత్త్వవేత్తలు అడిగారు. ఇంగ్లండుకు చెందిన డెరెక్ పార్‌ఫిట్ 1984లో ఈ చిక్కును ఇంకా బిగించాడు. ఈనాటి నిర్ణయాలు మారితే రేపు పుట్టేవారే వేరుగా ఉంటారు. అలాంటప్పుడు ఆ నిర్ణయాల వల్ల తమకు అన్యాయం జరిగిందని ఎవరు అనగలరన్నది అతని ప్రశ్న. అమెరికా తత్త్వవేత్త జాన్ రాల్స్ 1971లోనే మరో దారి చూపాడు. తాను ఏ తరంలో పుడతానో తెలియని మనిషి తనకు వెనకటి తరాలు ఎంత దాచిపెట్టాలని కోరుకుంటాడో, ప్రతి తరమూ అంత దాచాలన్నాడు.

తెలుగువారి సంప్రదాయం ఈ ప్రశ్నను మరోవైపు నుంచి పట్టుకుంది. మనిషి పుట్టుకతోనే దేవ, ఋషి, పితృ ఋణాలతో పుడతాడంటుంది. పితృఋణం తీసుకున్నది వెనకటివారి దగ్గర, తీర్చేది ముందు తరానికి. ఈ పద్ధతిలో పుట్టబోయేవాడు హక్కుదారుగా వచ్చి అడగనవసరం లేదు. బాకీ ఇప్పటికే ఉంది. దాన్ని చెల్లించే చిరునామా మాత్రమే ముందు తరం. పార్‌ఫిట్ చిక్కు ఇక్కడ చాలావరకు సడలుతుంది, ఎందుకంటే రేపు ఎవరు పుట్టినా బాకీ మారదు. ఈ ఆలోచన కట్టడాలుగా కూడా కనిపిస్తుంది. సంతానంతో సమానంగా ఎంచిన సప్తసంతానాల్లో చెరువు తవ్వించడం ఒకటి. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఎనిమిది వందల ఏళ్ల కింద పుణ్యం కోసం, పేరు కోసం, పంట కోసం కట్టినవి. నేటికీ వాటి కింద పైరు పండుతోంది. భగీరథుడి కథలోనూ ఇదే వరుస. గంగను తెచ్చే ప్రయత్నం అంశుమంతుడు, దిలీపుడు మొదలుపెట్టి ఫలితం చూడకుండానే పోయారు. మూడో తరంవాడైన భగీరథుడు పూర్తి చేశాడు. అతడు తీర్చుకున్నది పితరుల బాకీ, బాగుపడింది తరువాతివారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన తాగునీటి పథకానికి ఆ పేరు పెట్టినప్పుడు, ఆ కథలోని బాధ్యత కూడా పథకానికి అంటుకుంది.

జహీరాబాద్ ముస్లింల సంఖ్య బాగా ఉన్న పట్టణం. ఇస్లాంలో బావి తవ్వించడం సదఖా జారియా, అంటే చేసినవాడు చనిపోయాక కూడా పుణ్యం పారుతూనే ఉండే దానం. దాహంతో వచ్చిన మనిషికీ పశువుకూ నీరు కాదనకూడదన్న నియమం ఇస్లాం న్యాయంలో ఉంది. జహీరాబాద్‌కు సమీపంలోని బీదర్‌లో బహమనీల కాలంలో నీటి కోసం నేల కింద తవ్విన కారేజ్ సొరంగాలు ఇంకా ఉన్నాయి. చెరువు తవ్వించిన రాజైనా, కారేజ్ తవ్వించిన సుల్తానైనా తరువాతివారి దాహాన్ని తన ఖాతాలో రాసుకున్నవారే.

అయితే ఈ సంప్రదాయాల్లో ఒక లోపాన్ని దాచకూడదు. చెరువు పుణ్యం అందరిదీ అన్నచోటే ఊరి బావి దళితులకు అందలేదు. దానధర్మాలు భవిష్యత్తు తరాలను తలచుకున్నాయి గానీ, పక్క వాడలో బతికున్నవారిని చాలాసార్లు మరిచిపోయాయి. పుట్టబోయేవారి పేరు చెప్పి ఉన్నవారిని వెనక్కి నెట్టే ప్రణాళికకు ఈ చరిత్రే హెచ్చరిక.

నదుల మధ్య న్యాయం

రాష్ట్రాన్ని పరీవాహకాలుగా విడదీసి లెక్క కట్టినప్పుడు, తరాల మధ్య న్యాయంతో పాటు ప్రాంతాల మధ్య న్యాయమూ ముందుకు వస్తుంది. 1975లో కుదిరిన అంతర్రాష్ట్ర ఒప్పందంలో సింగూరు దగ్గర సుమారు 30 టీఎంసీల జలాశయానికి, హైదరాబాద్ తాగునీటికి 4 టీఎంసీలు తీసుకోవడానికి అంగీకారం కుదిరింది. 1965 నుంచే మంజీర నీరు హైదరాబాద్‌కు పోతోంది. గోదావరి పరీవాహకంలో పుట్టిన ఆ నీరు నగరంలో వాడకమయ్యాక చాలావరకు మూసీలో పడి కృష్ణలో కలుస్తుంది. అలా కలిసింది మంజీరకు తిరిగి రాదు.

కృష్ణా జలాల బచావత్ ట్రిబ్యునల్ తీర్పులో దీనికి సంబంధించిన నియమం ఉంది. గృహ, పురపాలక అవసరాలకు నది నుంచి తీసిన నీటిలో 20 శాతాన్ని, పరిశ్రమలకు తీసిన దానిలో 2.5 శాతాన్ని మాత్రమే వినియోగంగా లెక్కించాలంటుందది. మిగిలింది నదికి తిరిగి చేరుతుందన్నది దాని వెనక ఉన్న ఊహ. ఆ ఊహ నిజం కావాలంటే తిరిగి వచ్చే నీరు అదే నదిలోకి రావాలి, వాడుకోదగ్గ స్థితిలో రావాలి. పట్టణానికి ఎంత నీరు కావాలో రాసిన ప్రణాళిక, ఆ పట్టణం ఎంత మురుగును శుభ్రం చేసి ఏ నదికి అప్పగిస్తుందో కూడా రాయాలి. తీసుకున్నది చెప్పి తిరిగిచ్చేది చెప్పకపోతే అది సగం లెక్క.

2015–16 కరువులో సింగూరు ఎండిపోయి హైదరాబాద్‌కు అక్కడి నుంచి సరఫరా నిలిచింది. నగరం అప్పటికే కృష్ణ వైపు, కొత్తగా ఎల్లంపల్లి దగ్గర గోదావరి వైపు పైపులు వేసుకుంది కాబట్టి తట్టుకుంది. సింగూరు మీదే ఆధారపడ్డ చిన్న పట్టణాలకు, పల్లెలకు రెండో నది లేదు. పెద్ద నగరానికి మూడు నదులు, చిన్న ఊరికి ఒకే జలాశయం ఉన్నచోట తలసరి లీటర్లు సమానంగా రాసినా భద్రత సమానం కాదు. సింగూరు నుంచి జహీరాబాద్ వైపు పొలాలకు నీరెత్తే సంగమేశ్వర, నారాయణఖేడ్ వైపు ఎత్తే బసవేశ్వర పథకాలకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అదే జలాశయం మీద తాగునీరు, సాగునీరు, పరిశ్రమలు, రాజధాని వాటా చేరుతున్నప్పుడు ఎండిన ఏట ఎవరు ముందు ఆగాలో ముందే రాసుకోవడం న్యాయం. ఎండాక రాసుకుంటే అది బలవంతుల వరసే అవుతుంది.

తెలియనిదాని ముందు నడవడి

భవిష్యత్తు తెలియనప్పుడు ప్రయత్నం దేనికన్నది దైవ పురుషకారాల పాత చర్చ. వాన దైవాధీనమైనా చెరువు గట్టు మనిషి అధీనమని తెలుగు నేల శాసనాలు చెబుతాయి. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించాడు. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, తగలకూడని ఆరు దోషాలను అది వరసగా లెక్కపెడుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారని రాసి పెట్టింది. దానధర్మాల గురించిన శాసనంలోనే నిర్మాణశాస్త్రం కూడా చేరింది. దేవుడి మీద భారం వేయడం, కొలత తప్పకుండా చూడటం ఒకదానికొకటి అడ్డం కావని దాన్ని రాయించినవారికి తెలుసు.

అంచనా రెండు వైపులా తప్పవచ్చు. తక్కువ వేస్తే ట్యాంకరు కోసం బిందెలతో నిలబడేది పేద ఇంటి ఆడవాళ్లు. ఎక్కువ వేస్తే అనవసరమైన జలాశయం కింద ఊళ్లు మునుగుతాయి, అప్పు మాత్రం తరువాతి తరం తీరుస్తుంది. అమెరికాలో నీటి వాడకం పెరుగుతూనే పోతుందని ఒకప్పుడు అంచనాలు వేశారు. అక్కడి మొత్తం వాడకం 1980 ప్రాంతంలో శిఖరానికి చేరి, జనాభా పెరిగినా తరువాత తగ్గింది. అంచనాను ఎప్పటికప్పుడు సరిచూసుకునే దారీ ఉంది: అక్కడి టెక్సాస్ రాష్ట్రం యాభై ఏళ్లకు ప్రణాళిక వేసి ప్రతి ఐదేళ్లకు దాన్ని తిరగరాస్తుంది. హైదరాబాద్ తాగునీటి జంట జలాశయాల దగ్గర పరిశ్రమ పెట్టడం గురించిన కేసులో 1999, 2000 తీర్పుల్లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని నిలబెట్టింది. హాని జరగదని రుజువు చేయవలసింది పరిశ్రమ పెట్టేవారేనని చెప్పింది. తెలియనప్పుడు భారం ఎవరి మీద ఉండాలన్నదానికి ఆ తీర్పులు ఇచ్చిన జవాబు నీటి అంచనాకూ వర్తిస్తుంది. ఎక్కువ తీసుకోబోయేవాడే జవాబుదారు.

నీటి అంచనా ధర్మబద్ధం కావాలంటే నాలుగు విషయాలు అందులో తేటగా కనిపించాలి. తలసరి అంకె ఊరి హోదాను బట్టి కాక మనిషి అవసరాన్ని బట్టి ఉండాలి. పైపుల నష్టాన్ని తగ్గించిన తరువాతే కొత్త నదిని అడగాలి. ఎండిన ఏట ఎవరి వాటా ముందు తగ్గుతుందో పేర్లతో రాయాలి. తిరిగి ఏ ఏడు సరిచూస్తారో తేదీ వేయాలి. 2027 జనాభా లెక్కలు వచ్చాక జహీరాబాద్‌తో సహా ప్రతి మున్సిపాలిటీ నీటి ప్రణాళికను మళ్లీ వేసుకోవలసి వస్తుంది. అప్పుడు ఈ నాలుగు ప్రశ్నలనూ వార్డు సభలోనూ కౌన్సిల్‌లోనూ తెలుగులో, అందరికీ వినపడేలా అడగడం పౌరుల పని. పుట్టబోయేవారు ఆ సభకు రాలేరు కాబట్టి వారి తరఫున అడగవలసింది ఇప్పుడున్నవారే.